ఇరవై శాతం స్టెప్నీ

పెళ్లిళ్లలో పక్క కుర్చీవాళ్లు ఈమధ్య నా షుగరు గురించి అడగటం మానేశారు. "మీది కరెంటు కారటగా! ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుందండీ?" అంటున్నారు. చెప్తాను. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "మరి మధ్యలో అయిపోతేనో?" ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది, పెళ్లింట అశుభం పలికినట్టు.

నేను ఆర్టీసీలో మెకానిక్‌గా చేరి, 34 ఏళ్లు డిపో గ్యారేజీలోనే గడిపి రిటైరైన మనిషిని. గోళ్ల సందుల్లోంచి గ్రీజు నలుపు పోవటానికి రెండేళ్లు పట్టింది. 2021లో మా అబ్బాయి ఈ బండి కొన్నాడు. కొన్న ఐదో నెలలో ఉద్యోగం పుణెకు మారింది. బండినీ, దాని తాలూకు భయాన్నీ కలిపి నాకు అప్పగించి వెళ్లాడు. నాలుగేళ్లలో 52 వేల కిలోమీటర్లు తిరిగాం, నేనూ మా ఆవిడా. విజయవాడ పటమట నుంచి హైదరాబాద్ వనస్థలిపురంలో అమ్మాయి ఇంటికే ఎక్కువ. దారిలో బండి ఆగిపోయింది లేదు. ఆగినంత పని ఒకసారి అయింది, దాని సంగతి ఎనిమిదో పాఠంలో చెప్తాను.

1. ఈ భయం మనకు కొత్త కాదు

మా కాలం స్కూటర్లకు పెట్రోలు మీటరు ఉండేది కాదు. సీటు కింద ఒక కుళాయి, దానికి మూడు స్థానాలు: ఆన్, ఆఫ్, రిజర్వ్. నడుస్తున్న బండి గొంతు మారిస్తే వంగి రిజర్వ్‌కు తిప్పేవాళ్లం. రిజర్వ్‌కు తిప్పిన సంగతి మరిచిపోయినవాడు రోడ్డు పక్కన ఆపి, స్కూటర్‌ను ఒక పక్కకు వాల్చి, ట్యాంకు మూల మిగిలిన నాలుగు చుక్కలూ కార్బురేటర్‌లోకి జారేదాకా పట్టుకుని నిలబడేవాడు. బండిని ఊపి, చెవి పెట్టి, ఆ గళగళ చప్పుణ్ణి బట్టి గుడివాడ చేరతామా లేదా అని లెక్క కట్టినవాళ్లం మేము. ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనక భార్య, ఆమె ఒళ్లో చంటిది. రాత్రి తొమ్మిది దాటితే దారిలో తెరిచిన బంకు దొరకటం అదృష్టం. అయినా దానికొక పేరు పెట్టుకుని బెంగపడలేదు.

డీజిల్ బస్సు ఇంకా ఘోరం. దారిలో డీజిల్ అయిపోతే క్యానుతో తెచ్చి పోసినంత మాత్రాన కదలదు. లైన్లో గాలి చేరి ఎయిర్ లాక్ అవుతుంది. ఫిల్టరు దగ్గర బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి కొట్టి, బుడగలన్నీ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా లాగాలి. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకున్న కండక్టరు, చుట్టూ నిలబడి తలా ఒక సలహా ఇచ్చే ప్రయాణికులు. ఈ వైభోగమంతా చూసిన నేను, మొదటి నెలలో కరెంటు కారు స్టీరింగు పట్టుకుని వణికాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అన్నట్టు, ఆనాటి చేతక్ స్కూటరు 2020లో కరెంటు బండిగా మళ్లీ వచ్చింది. దాన్ని వాల్చి చూస్తే మాత్రం ఏమీ రాదు.

2. కాగితం మీది అంకెతో ఊరికి వెళ్లలేం

బండి కొన్నప్పుడు కాగితంలో 300 కిలోమీటర్ల పైమాట రాసి ఉంది. మొదటి నెల 200 దాటితే గొప్పగా ఉండేది. మోసపోయాం అనుకుని అబ్బాయికి ఫోన్ చేసి రెండు మాటలు అన్నాను కూడా. ఆ అంకె ఎలా వస్తుందో తెలిశాక కోపం తగ్గింది. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏ సెకనుకు ఎంత వేగం ఉండాలో ముందే రాసిపెట్టుకున్న పద్ధతిలో నడుపుతాయి. ఏసీ వెయ్యరు. వేగం 90 దాటదు, అదీ కాసేపే. ఎదురుగాలి లేదు, కోదాడ ఎండ లేదు, డిక్కీలో ఆవకాయ జాడీలు లేవు. పెట్రోలు కార్ల మైలేజీ అంకెలూ ఇలాంటి పరీక్షలో పుట్టినవే, వాటిని ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరూ తిట్టరు.

అన్ని బండ్లకూ ఒకే పరీక్ష కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో పోల్చుకోవటానికి ఆ అంకె పనికొస్తుంది. ప్రయాణానికి పనికిరాదు. అందులో మూడింట రెండు వంతులే మీదనుకుని కొనండి.

3. శాతాన్ని రెట్టింపు చేయండి

డిపోలో మాకు దేవుడి తర్వాత దేవుడు కేఎంపీఎల్. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నమాట. బోర్డు మీద డ్రైవర్ల పేర్లు, వాటి ఎదురుగా సుద్దముక్కతో ఎవరి కేఎంపీఎల్ వారిది. అదే బస్సు, అదే రూటు. ఒకాయన 5.3 తెస్తే ఇంకొకాయన 4.7 తెచ్చి, తప్పంతా ఇంజనుదే అని మా మీద పడేవాడు. ఎప్పుడూ ఎక్కువ తెచ్చే ఒక పెద్ద డ్రైవరును కిటుకేమిటని అడిగాను. "బ్రేకు వెయ్యాల్సిన చోటు నాకు ఫర్లాంగు ముందే కనపడుద్దిరా అబ్బాయ్" అన్నాడు.

కరెంటు బండికీ ఆ బోర్డు పెట్టాను. వంటింటి గోడ మీది క్యాలెండరే బోర్డు. రెండు నెలలపాటు తేదీ గడిలో బయల్దేరినప్పుడు ఎంత శాతం, చేరినప్పుడు ఎంత శాతం, మధ్య ఎన్ని కిలోమీటర్లు అని రాస్తూ పోయాను. పాలవాడి లెక్కలు ఎక్కడ రాసుకోవాలని మా ఆవిడ గొడవ. తేలింది ఇది: బ్యాటరీ 30 యూనిట్లు, ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. హైవే మీద 80 వేగంతో వెళ్తే యూనిట్‌కు 7 కిలోమీటర్లు. అంటే ఒక్కో శాతానికి రెండు కిలోమీటర్ల మీద కాస్త. ఊళ్లో తిరిగితే ఇంకా మెరుగు.

ఆ రోజు నుంచి స్క్రీను మీద బండి చూపించే కిలోమీటర్లతో నాకు పనిలేదు. అది నిన్న మనం ఎలా నడిపామో చూసి ఇవాళ్టి జాతకం చెబుతుంది. బెంజి సర్కిల్ చుట్టూ నెమ్మదిగా తిరిగొచ్చిన మర్నాడు 240 అంటుంది, హైవే ఎక్కిన పావుగంటకు నాలిక్కరుచుకుని 180 అంటుంది. ఇరవై కిలోమీటర్లు వెళ్తే అరవై తగ్గిందే అని కొత్తవాళ్లకు చెమటలు పట్టేది ఇక్కడే. నేను శాతం చూస్తాను, రెట్టింపు చేస్తాను. 60 ఉంటే 120 కిలోమీటర్లు. సూర్యాపేట ఇంకా 70 ఉందంటే పాటలు పెట్టుకోవచ్చు.

మీ బ్యాటరీ పెద్దదైతే శాతానికి మూడు కిలోమీటర్లు రావచ్చు. షోరూమువాడు చెప్పలేడు, ఆ అంకె మీ బండిది, మీ కాలిది. నాలుగు ప్రయాణాలు రాసుకుంటే తెలిసిపోతుంది. నా భయంలో సగానికి పైగా పోయింది ఆ క్యాలెండరుతోనే.

4. ట్యాంకులో ఉన్నది మూడు లీటర్లే

ఇది మెకానిక్ మాట, కాస్త ఓపిగ్గా వినండి. ఒక లీటరు పెట్రోలులో ఉన్న శక్తిని కరెంటు లెక్కలోకి మారిస్తే దాదాపు 9 యూనిట్లు. అంటే నా 30 యూనిట్ల బ్యాటరీ మూడు లీటర్ల పైచిలుకు పెట్రోలుతో సమానం. ఆ కాస్తతో 200 కిలోమీటర్లు ఎలా వెళ్తోంది? పెట్రోలు ఇంజను తాగినదాంట్లో మూడు వంతుల దాకా వేడిగా పారబోస్తుంది. రేడియేటరు, సైలెన్సరు చెయ్యి పెట్టలేనంత కాలేది అందుకే. కరెంటు మోటారు పారబోసేది చాలా తక్కువ.

కాబట్టి పెట్రోలు బండి సంసారం దుబారా సంసారం. అందులో ఇంకో పది రూపాయలు పోయినా ఎవరికీ తెలియదు. కరెంటు బండిది లెక్కగా గడిచే సంసారం. ఎదురుగాలి, ఎక్కువ వేగం, టాపు మీది క్యారియరు, ప్రతిదీ సాయంత్రానికి పద్దులో కనపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద పద్దు వేగం. 80 నుంచి 100కు వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. నేను పరీక్షించి చూశాను. మా ఇంటి నుంచి సూర్యాపేట 135 కిలోమీటర్లు. 80లో వెళ్లిన రోజు అక్కడికి చేరేసరికి 36 శాతం మిగిలింది. 100లో వెళ్లిన రోజు 17. రోడ్డు మీద ఇరవై నిమిషాలు మిగిల్చుకున్నాను, ఛార్జరు దగ్గర పావుగంట అదనంగా కట్టాను. నికర లాభం ఐదు నిమిషాలు, దానికోసం దారి పొడవునా మా ఆవిడ చూపులు.

5. టైర్లలో గాలి చూసుకోండి

పదిహేను రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు. దీని మీద ఇంకేం రాయను. మెత్తబడ్డ టైర్లతో తిరుగుతూ బ్యాటరీని తిట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

6. ఏసీ ఆపి నేను సాధించింది ఒక గొడవ

మా అత్తగారి ఊరు అవనిగడ్డ దగ్గర. వెళ్లి రావటానికి 135 కిలోమీటర్లు. మొదటిసారి వెళ్లింది మే నెలలో. నిండా ఛార్జింగ్ పెట్టి కూడా ఏసీ వెయ్యలేదు, అద్దాలు దించాను. ఉయ్యూరు దాకా మా ఆవిడ మాట్లాడలేదు. పామర్రు దగ్గర కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఏమండీ, ఇది కారా, కుక్కరా?" అంది. ఆ సాయంత్రం తిరిగి ఇల్లు చేరేసరికి బ్యాటరీలో 39 శాతం మిగిలి ఉంది. ఏసీ గంటకు ఒక యూనిట్ చొప్పున లాగుతుంది. రానూపోనూ మూడు గంటలు వేసినా దాదాపు 30 మిగిలేది. 30 అంటే ఇంకో అరవై కిలోమీటర్లు. ఆ అరవై కిలోమీటర్లతో రాత్రి పూట నేను చేసేదేముంది?

7. బంకు ఇంట్లోనే ఉంది, ఎర్తింగు ఉంటే

రాత్రి పదింటికి 15 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కుతుంది. ఖాళీ బండి అయినా తెల్లవారి టిఫిన్ల వేళకు నిండుతుంది. అయితే రోజూ ఖాళీ అయ్యేదెక్కడ? ఊళ్లో ముప్పై కిలోమీటర్లు తిరిగితే పదిహేను శాతం కూడా పోదు. ఏడాదిలో మూడొందల రోజులు దూరం అన్న ప్రశ్నే రాదు.

మా అపార్టుమెంటులో సాకెట్ పెట్టించటానికి మాత్రం మూడు మీటింగులు పట్టింది. మంటలొస్తాయని ఒకరు, కామన్ కరెంటు వాడేస్తారని ఒకరు. ఇంటికున్న కరెంటు కనెక్షన్‌తోనే బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీగారి చేతిలో పెట్టాను. నా మీటరు నుంచే 4 స్క్వేర్ ఎంఎం తీగ లాగించి, విడిగా ఎంసీబీ పెట్టించాను. ఇప్పుడు అదే మీటింగులో అరిచినాయన తన స్కూటరుకు అడుగుతున్నాడు.

ఎర్తింగు సంగతి అత్తగారి ఊళ్లో నేర్చుకున్నాను. పాత మిద్దె ఇల్లు. హాల్లోంచి వైరు లాగి ప్లగ్గు పెడితే ఛార్జరు డబ్బా మీద ఎర్రలైటు. తీసి పెట్టాను, మళ్లీ ఎరుపే. సాయంత్రం ఐదైంది, బామ్మర్ది మొహంలో "మేం చెప్పలా" అన్న నవ్వు. ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బండి వైపు చూడనైనా చూడకుండా నేరుగా పెరట్లోకి, తులసికోట వెనక్కి వెళ్లాడు. అక్కడ ఎర్తు గుంత ఉంది, ఎన్నేళ్ల నుంచో చుక్క నీరు తగలక నెర్రెలిచ్చి ఉంది. తీగ బిగించాడు. ఉప్పు, బొగ్గు వేయించి రెండు బిందెల నీళ్లు పోయించాడు. మట్టి బుడబుడమని తాగేసింది. ఇంకో బిందె పోశారు. లోపలికొచ్చి ప్లగ్గు పెట్టాడు. పచ్చలైటు. "ఇల్లు బానే ఉంది బాబాయ్, దాహంగా ఉంది" అన్నాడు. ఎర్తు సరిగా లేనిచోట బండి కరెంటు తీసుకోకపోవటం దాని తప్పు కాదు, మన ప్రాణానికి అది చేసే కాపలా. ఆ ఇంట్లో గీజరు, మిక్సీ అన్నేళ్లూ ఎలా వాడారో తలుచుకుంటే నాకు అప్పుడు భయం వేసింది.

ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ప్లగ్గు పెట్టుకునే చోటు అసలు లేనివారిని మాత్రం ఇంకొంచెం ఆగమంటాను. రోజూ బయటి ఛార్జర్ల మీదే బతకటం విసుగు, ఖర్చు కూడా.

8. స్టెప్నీ లేకుండా గేటు దాటకండి

అన్నవరంలో వ్రతానికి బయల్దేరాం. రోడ్డు బాగుంది, అప్పటికి రెండేళ్ల అనుభవం వచ్చింది, నేను గొప్ప డ్రైవర్నని నాకే అనిపించిన రోజులు. 100 తగ్గకుండా తోలాను. రావులపాలెం చుట్టుపక్కల ఒక ఛార్జరు చూసి పెట్టుకున్నాను. చేరేసరికి 12 శాతం ఉంది. అక్కడ స్క్రీను నల్లగా ఉంది. వాచ్‌మన్ బీడీ ఆర్పి లేచి, "మొన్న వర్షానికి పోయిందండి. రేపో మాపో వత్తారంట" అన్నాడు. ఫోన్లో మాత్రం అది పనిచేస్తున్నట్టే పచ్చగా వెలుగుతోంది.

తర్వాతది 17 కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక. 12 రెట్టింపు 24. లెక్క సరిపోతుంది, గుండెకు సరిపోదు. కొబ్బరికాయల లారీ వెనక 50లో పట్టాను. జొన్నాడ వంతెన మీద ఎప్పుడూ బండి నెమ్మది చేస్తాం, మా ఆవిడ రూపాయి బిళ్ల గోదారిలో వేసి దణ్ణం పెడుతుంది. ఆ రోజు ఆమె దణ్ణం పెట్టింది నదికో బ్యాటరీకో నేను అడగలేదు. ఐదు శాతంతో చేరాం.

డిపోలో స్టెప్నీ లేని బస్సుకు గేటు తీసేవాళ్లం కాదు. చక్రాలన్నీ బాగున్నాయిగా అని వాదించే డ్రైవర్లు ఉండేవారు. ఆ వాదన రావులపాలెంలో నాకు గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఛార్జరు చేరేసరికి 20 శాతం ఉండేలా చూసుకుంటాను. ఆ ఇరవై నాది కాదు, అది స్టెప్నీ.

దానితోపాటు మూడు జాగ్రత్తలు. ఒక ఛార్జరు మీద ఆధారపడకండి, దాని అవతల రెండోది ఎక్కడుందో తెలియకుండా బయల్దేరకండి. ఆ పాయింటు దగ్గర చివరిసారి ఎవరు ఎప్పుడు ఛార్జింగ్ పెట్టారో యాప్‌లో చూడండి. ఇవాళ పొద్దున ఎవరో పెట్టారంటే అది బతికున్నట్టు. మూడు రోజులుగా ఎవరూ పెట్టలేదంటే అనుమానించాలి. రెండు మూడు యాప్‌లలో కాస్త డబ్బు ముందే వేసి ఉంచండి. ఛార్జరు ముందు నిలబడి ఓటీపీ కోసం ఫోన్‌ను ఆకాశానికి చూపించే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను, వారిలో నేనూ ఒకణ్ణి. మ్యాపులో కనిపించే ప్రతిదీ మన బండికి సరిపోదన్నది కూడా గుర్తుంచుకోండి. ఇప్పటి కార్లకు ఉండేది సీసీఎస్2 రకం ఛార్జింగ్ గన్. కొన్నిచోట్ల పాత 15 కిలోవాట్ల ఛార్జర్లు ఉంటాయి, వాటి గన్ వేరు.

జాతీయ రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఛార్జింగ్ కేంద్రాలు ఉండాలని 2022లో కేంద్రం మార్గదర్శకాలు రాసింది. పెట్టటం బాగానే పెడుతున్నారు. పెట్టినవాటిని పనిచేయించటం మీద కూడా ఒక మార్గదర్శకం రాస్తే మాలాంటివాళ్లు సంతోషిస్తారు.

నిజంగా సున్నాకు వస్తే? బండి ఉన్నట్టుండి చచ్చిపోదు. చాలా బండ్లలో ముందు వేగం దానంతటదే తగ్గిపోతుంది. ఎడమకు ఆపి కంపెనీ సాయం నంబరుకు ఫోన్ చేయాలి. తాడు కట్టి లాగనివ్వకండి. చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, పాడవుతుంది. బండిని మొత్తంగా ఎక్కించుకునే ట్రక్కునే అడగండి.

9. దసరా బస్సు నిండే తీరు

ఖాళీ బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాగానే మొదటి నలభైమంది రెండు నిమిషాల్లో ఎక్కేస్తారు. ఆఖరి పదిమందికి పది నిమిషాలు పడుతుంది. జరగండి, సర్దుకోండి, ఆ మూట పైన పెట్టండి. బ్యాటరీ కూడా అంతే. ఫాస్ట్ ఛార్జరులో నా బండి 10 నుంచి 80 శాతానికి గంటలో చేరుతుంది. ఆపైన 20 శాతానికి మళ్లీ దాదాపు అంతసేపు. కాబట్టి దారిలో నిండేదాకా కూర్చోవటం తెలివితక్కువ. తర్వాతి మజిలీకి కావలసినంత, దాని మీద స్టెప్నీ, అంతే. హైదరాబాద్ ప్రయాణంలో సూర్యాపేట దగ్గర ముప్పావుగంట ఆగుతాం. ఇడ్లీ, కాఫీ, మా ఆవిడ చెల్లెలితో ఫోను, వీటికే ముప్పావుగంట చాలదు. అయినా నా వయసులో బ్యాటరీ కంటే ముందు నేనే ఆగమంటాను.

10. కొండ ఎక్కితే అప్పు, దిగితే కొంత జమ

ఘాట్ రోడ్డు పేరు చెబితే చాలామంది కరెంటు బండిని ఇంట్లో వదిలేస్తారు. అలిపిరి దగ్గర 62 శాతంతో బయల్దేరి తిరుమల ఎక్కేసరికి 46 ఉంది. పద్దెనిమిది కిలోమీటర్లు కూడా లేని దారికి పదహారు శాతం! మొదటిసారి నా చెయ్యి చల్లబడింది. ఇంటికొచ్చి లెక్క వేశాను. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని దాదాపు 700 మీటర్ల ఎత్తుకు మోయటానికే మూడు యూనిట్ల పైన కావాలి. ఆ శక్తి ఎక్కడికీ పోలేదు, కొండమీద బండితోపాటే ఉంది. దిగేటప్పుడు కాలు తీస్తే మోటారు జనరేటరులా తిరిగి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. 46తో బయల్దేరి కిందికి దిగేసరికి 50 అయింది. పెట్రోలు బండ్లు బ్రేకు లైనింగు కాలిన వాసనతో దిగే దారిలో మాది పుంజుకుంటూ దిగింది. ఆర్టీసీ కరెంటు బస్సులు 2022 నుంచి ఇదే ఘాట్‌లో రోజూ ఎక్కి దిగుతున్నాయి.

ఒక్క జాగ్రత్త. కొండమీద నిండుగా 100 పెట్టుకుని దిగకండి. నిండిన కుండలో నీళ్లు పోయలేం కదా, వచ్చే కరెంటుకు చోటుండదు, బ్రేకు మీదే దిగాల్సి వస్తుంది.

11. చలి దేశంవాళ్ల మాట

మా తమ్ముడి కొడుకు మిషిగన్‌లో ఉంటాడు. "మీకు ఎండేగా పెదనాన్నా, జనవరిలో నా బండి మూడో వంతు దూరం మింగేస్తుంది" అంటాడు. చలికి బ్యాటరీ మొద్దుబారుతుంది, హీటరు కూడా దానిమీదే బతకాలి. వాడు చేసే పని బయల్దేరే ముందు, ఇంకా ప్లగ్గులో ఉండగానే బండిని వేడెక్కించుకోవటం. మంచులో ఉండే నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 దాకా కరెంటు కార్లే. పామర్రులో ఉక్కపోతకే నేను పంచాయతీ పెట్టుకున్నాను.

బ్యాటరీ అరుగుదల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నాలుగేళ్లలో నాకు నిండు ఛార్జింగ్ మీద పది పన్నెండు కిలోమీటర్లు తగ్గింది. ఎండలో గంటలకొద్దీ పెట్టను, నీడ వెతుక్కుంటాను. అంతకుమించి సేవలేమీ చేయలేదు.

12. పంతంగిలో సంక్రాంతి

హైదరాబాద్ సగం ఖాళీ అయ్యేది సంక్రాంతికి. ఆ ఖాళీ అయినదంతా పంతంగి టోల్ గేటు దగ్గర కనపడుతుంది. కిందటి పండక్కి అమ్మాయినీ పిల్లల్నీ తీసుకుని వస్తూ చౌటుప్పల్ దాటీ దాటకముందే ఇరుక్కుపోయాం. బ్యాటరీ 78. చుట్టూ పెట్రోలు, డీజిల్ బండ్ల ఇంజన్లు మూలుగుతున్నాయి. వెనక సీట్లోంచి మనవరాలు, "తాతయ్యా, ఇక్కడే అయిపోతే పండగ కారులోనేనా?" అంది. కారు నిలబడి ఉంటే మోటారు ఏమీ తాగదమ్మా, ఏసీ తాగేదే అని చెప్పి, నమ్మకపోతే నువ్వే చూస్తూ ఉండమన్నాను. అది స్క్రీను మీద కళ్లు పెట్టి కూర్చుంది. గంటా నలభై నిమిషాలు నత్తనడక. "77 తాతయ్యా." జంతికల డబ్బా ఖాళీ అయింది. "75." గేటు దాటేసరికి 73. పక్క లేనులో ఒక డీజిల్ బండి బానెట్ ఎత్తి ఆవిర్లు కక్కుతోంది. ఆ పిల్ల ఆ తర్వాత నన్ను ఛార్జింగ్ గురించి అడగలేదు, జంతికలు ఇంకా ఉన్నాయా అని అడిగింది.

నిజమైన పరీక్ష సూర్యాపేట దగ్గర ఎదురైంది. రెండు గన్‌లు, ఏడు కార్లు. ముందున్న బండి 93 శాతం చూపిస్తూ నింపాదిగా తాగుతోంది, యజమాని జాడ లేదు. ఆ ఆఖరి ఏడు శాతం కోసం ఐదు కుటుంబాలు ఎండలో నిలబడ్డాయి. ముప్పావుగంటకు ఆయన బిరియాని తిని, పాన్ నములుతూ వచ్చాడు. కోపం వచ్చింది గానీ ఏమనగలం, ఎవరూ ఆయనకు చెప్పలేదు.

అందుకే మీకు చెప్తున్నాను. వెనక ఒక్క బండి ఉన్నా 80 కాగానే గన్ తీయండి. అద్దం దగ్గర మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. బండి పక్కకు పెట్టుకుని ఆ తర్వాత తీరిగ్గా భోంచేయండి. వచ్చే సంక్రాంతికి మీ వెనక నిలబడేది నేనే కావచ్చు, పైగా నాకు షుగరు.